రాయ్‌పూర్ నుంచి సముద్ర విహారం: ప్రకటనలోని ధర ఒకటి, చేతి నుంచి వెళ్లే సొమ్ము మరొకటి

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌కు సముద్ర తీరం లేదు. రాజధాని వాసులు నీటిపై విహరించాలంటే ధమ్‌తరి సమీపంలో మహానదిపై ఉన్న గంగ్రేల్ జలాశయం వరకు వెళ్లి పడవ ఎక్కడమే దగ్గరి దారి. అయినప్పటికీ పెద్ద నౌకలో రెండు మూడు రాత్రులు గడిపే క్రూయిజ్ విహారంపై ఇక్కడి మధ్యతరగతి కుటుంబాలలో ఆసక్తి ఏర్పడింది. రైల్వే కొలువుల కోసం, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనుల కోసం తరాల క్రితమే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో మరొక సౌలభ్యం కూడా ఉంది. బంధువులను చూసేందుకు ఎటూ విశాఖపట్నం వెళతారు కనుక, అక్కడి నుంచే నౌక ఎక్కితే రెండు పనులూ ఒక ప్రయాణంలోనే పూర్తవుతాయి.

అయితే నౌకా విహారం ధర విమాన టికెట్ ధరలాగా ఒక్క అంకెలో తేలేది కాదు. ప్రకటనలో కనిపించే మొత్తానికీ, ఇంటికి తిరిగి వచ్చాక లెక్క చూసుకుంటే తేలే మొత్తానికీ నడుమ దూరం చాలా ఉంటుంది. సముద్రానికి దూరంగా ఉన్న రాయ్‌పూర్ వంటి నగరం నుంచి బయలుదేరేవారికి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. భవిష్యత్ విహారానికి ముందుగానే సొమ్ము కట్టేవారు ఎక్కడ ఆదా చేయవచ్చు, ఎక్కడ నష్టపోవచ్చు అన్నది వివరంగా తెలుసుకోవలసిన విషయం.

విశాఖలో టెర్మినల్ ఉంది, నౌక ఎల్లప్పుడూ ఉండదు

రాయ్‌పూర్‌కు సముద్రమంటే విశాఖపట్నమే. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గాన్ని నాటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నిర్మించడానికి ప్రధాన కారణం, మధ్య భారతపు సరుకును 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవుకు చేర్చడమే. ఆ మార్గంలోనే 2024 సెప్టెంబరు 16న దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు మొదలైంది. రాయ్‌పూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా అది సుమారు ఎనిమిది గంటలలో గమ్యం చేరుతుంది. రాయ్‌పూర్–విశాఖ మధ్య దాదాపు 465 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి నిర్మాణం కూడా చేపట్టారు.

విశాఖ ఓడరేవులో సుమారు రూ.96 కోట్ల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను కేంద్ర ఓడరేవులు, నౌకాయాన శాఖ మంత్రి సర్బానంద సోనోవాల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. దేశంలో క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను 2029 నాటికి పది లక్షలకు చేర్చాలన్న లక్ష్యంతో 2024 సెప్టెంబరు 30న ముంబయిలో ‘క్రూయిజ్ భారత్ మిషన్’ను కూడా ఆయనే ఆరంభించారు. ఈ వార్తలు చదివినవారు విశాఖ రేవులో నిత్యం నౌక సిద్ధంగా ఉంటుందని భావిస్తే పొరపాటే. టెర్మినల్ ఒక స్టేషన్ వంటిది. రైలు ఎప్పుడు వస్తుందో చెప్పేది స్టేషన్ కాదు.

దేశీయ విహారాలు నిర్వహిస్తున్న వాటిలో ప్రధానమైనది కార్డేలియా క్రూయిజెస్. 2021 సెప్టెంబరులో భారతీయ రైల్వే అనుబంధ సంస్థ ఐఆర్‌సీటీసీతో కలిసి ముంబయి నుంచి విహారాలు మొదలుపెట్టిన ఈ సంస్థ నౌక పేరు ‘ఎంప్రెస్’. 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో నిర్మించిన ఈ నౌక చాలా కాలం రాయల్ కరీబియన్ సంస్థ వద్ద పనిచేసింది. గోవా, కొచ్చి, లక్షద్వీప్ దిశగా సాగే దాని విహారాలకు ముంబయే కేంద్రం. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా మారుతుంది. అందుకే ఆ నెలల్లో నౌకను తూర్పు తీరానికి తరలించడం పరిపాటి. 2022 జూన్‌లో అది విశాఖకు వచ్చింది. 2023 జూన్ 5న చెన్నై నుంచి శ్రీలంకకు తొలి విహారం బయలుదేరింది.

రాయ్‌పూర్ ప్రయాణికునికి ఇందులో పనికివచ్చే సంగతి ఏమంటే, ధరలను శాసించేది రుతువు. పాఠశాలలకు వేసవి సెలవులు ఉన్నప్పుడు నౌక సాధారణంగా ముంబయి వైపు ఉంటుంది. అది తూర్పు తీరానికి వచ్చే జూన్ ద్వితీయార్ధం, జూలై నాటికి బడులు తెరుచుకుంటాయి. పిల్లల చదువుల బాదరబందీ లేని దంపతులు, పదవీ విరమణ చేసినవారు, వారం మధ్యలో సెలవు పెట్టగలిగినవారు ఈ కాలాన్ని ఎంచుకుంటే విశాఖ నుంచే, తక్కువ ధరకే ఎక్కే అవకాశం ఉంటుంది. శుక్రవారం బయలుదేరే విహారానికీ, సోమవారం బయలుదేరే విహారానికీ అదే గదికి వేర్వేరు ధరలు ఉండడం సర్వసాధారణం. దసరా, దీపావళి, నూతన సంవత్సర వేళలలో రాయితీ కోసం వెదకడం వృథా శ్రమ. ఆ తేదీలకు ‘రాయితీ’ అన్న మాట ప్రకటనలో కనిపించినా, ముందు ధర పెంచి ఆనక తగ్గించినదే అయి ఉంటుంది.

‘ఒక్కొక్కరికి’ అన్న మాటలోని మర్మం

నౌకా విహారం ప్రకటనలలో ధరను దాదాపు ఎల్లప్పుడూ ఒక్కొక్కరికి, అదీ ఒక గదిలో ఇద్దరు ఉన్నట్లయితే ఎంత అన్న లెక్కలో చూపుతారు. ఒంటరిగా వెళ్లే వ్యక్తి ఆ గదికి దాదాపు ఇద్దరి సొమ్ము చెల్లించవలసి వస్తుంది. అదే గదిలో మూడో, నాలుగో వ్యక్తిగా పిల్లలు ఉంటే వారికి ‘ఉచితం’ అంటారు. ఆ ఉచితం గది అద్దెకు మాత్రమే వర్తిస్తుంది. ఓడరేవు రుసుములు, పన్నులు, సేవా రుసుము తలకింతని లెక్కిస్తారు.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించుకున్నవే తప్ప ఏ సంస్థవీ కావు. రాయ్‌పూర్‌కు చెందిన దంపతులు ఇద్దరు పిల్లలతో ముంబయి నుంచి రెండు రాత్రుల విహారానికి వెళ్లదలిచారు. ప్రకటనలో ధర ఒక్కొక్కరికి రూ.20,000. పిల్లలు ఉచితం. అంటే రూ.40,000 అని కుటుంబం లెక్క వేసుకుంటుంది. ఓడరేవు రుసుము తలకు రూ.2,500 చొప్పున నలుగురికి రూ.10,000, సేవా రుసుము తలకు రాత్రికి రూ.500 చొప్పున రూ.4,000, పన్నులు రూ.5,000 చేరేసరికి మొత్తం రూ.59,000 అవుతుంది. రాయ్‌పూర్ నుంచి ముంబయికి విమాన టికెట్లు ఒక్కొక్కరికి ఒక వైపు రూ.5,000 చొప్పున, రానుపోను నలుగురికి రూ.40,000. ముందు రోజు రాత్రి బసకు రూ.5,000. మొత్తం రూ.1,04,000.

ఇప్పుడు విహార సంస్థ ఛార్జీపై 20 శాతం రాయితీ ప్రకటించిందనుకుందాం. తగ్గేది రూ.40,000పై రూ.8,000 మాత్రమే. మొత్తం ఖర్చులో అది ఎనిమిది శాతం కూడా కాదు. ఆ రాయితీ కోసం తేదీ మార్చుకున్నందువల్ల విమాన ఛార్జీ ఒక్కొక్కరికి ఒక వైపు రూ.1,500 పెరిగితే, నలుగురికి రానుపోను రూ.12,000 అదనం. రాయితీ పోగా చేతి నుంచి మరో రూ.4,000 పడుతుంది. ముంబయిలో నివసించే కుటుంబానికి లాభసాటి అయిన బేరం రాయ్‌పూర్ కుటుంబానికి నష్టదాయకం కావడం ఇలాగే జరుగుతుంది.

కనుక వేర్వేరు విహారాలను పోల్చేటప్పుడు ప్రకటన ధరలను పక్కపక్కన పెట్టి చూడడం వల్ల ప్రయోజనం లేదు. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం వరకు అయ్యే మొత్తాన్ని నౌకలో గడిపే రాత్రులతో భాగించి, రాత్రికి ఎంత పడుతున్నదో చూడాలి. ఈ లెక్కలో రెండు రాత్రుల విహారాల కంటే నాలుగైదు రాత్రుల విహారాలు రాయ్‌పూర్ వాసులకు చవకగా తేలడం తరచుగా జరుగుతుంది. రైలు, విమాన ఖర్చు రెండింటికీ ఒకటే కదా.

గది విషయంలోనూ కొంత వివేచన అవసరం. కిటికీ లేని లోపలి గది అన్నిటికంటే చవక. సముద్రం కనిపించే కిటికీ గది, బాల్కనీ గది, సూట్ అన్న క్రమంలో ధర పెరుగుతుంది. భోజనశాల, ఈతకొలను, వినోద ప్రదర్శనలు అందరికీ ఒకటే. నిద్రకు తప్ప గదిలో ఉండని కుటుంబం బాల్కనీకి పెట్టే అదనపు సొమ్ము చాలా వరకు వృథా. దీనికి మినహాయింపు వృద్ధులు. మెట్లు, జనసమ్మర్దం ఇబ్బంది పెట్టేవారికి గాలి, వెలుతురు ఉన్న గది విలాసం కాదు. గది సంఖ్యను సంస్థ ఇష్టానికి వదిలేసే ‘గ్యారంటీ’ పద్ధతిలో బుక్ చేస్తే ధర మరికొంత తగ్గుతుంది. కానీ కుటుంబంలోని రెండు గదులు పక్కపక్కన వస్తాయన్న హామీ ఉండదు. ఓడ ఊగినప్పుడు వికారానికి గురయ్యేవారు కింది అంతస్తులో, నౌక మధ్య భాగంలో గది అడిగి తీసుకోవడమే మేలు. ఆ గదులే సాధారణంగా చవకవి కూడా.

ముందుగానా, చివరి నిమిషంలోనా

అంతర్జాతీయ విహార సంస్థలు జనవరి నుంచి మార్చి వరకు ఉండే కాలాన్ని బుకింగ్‌ల సీజన్‌గా పరిగణిస్తాయి. ఆ ఏడాది వేసవి, మరుసటి ఏడాది విహారాలకు ప్రత్యేక రాయితీలు అప్పుడే ఎక్కువగా వెలువడతాయి. మరో పక్క, బయలుదేరే తేదీకి కొన్ని వారాల ముందు మిగిలిపోయిన గదులను తక్కువకు అమ్మడం కూడా ఉంది. ఖాళీ గదితో సముద్రంలోకి వెళ్లిన నౌకకు ఆ గదిపై ఇక ఆదాయం రాదు కనుక, ఎంతో కొంతకు అమ్మడానికే సంస్థ మొగ్గు చూపుతుంది.

చివరి నిమిషపు బేరాలు రేవు పట్టణాల వారికి అనువైనవి. రాయ్‌పూర్ వాసికి ఆ సమయానికి ముంబయి విమాన టికెట్ ధర ఆకాశంలో ఉంటుంది. విశాఖ నుంచి ఎక్కదలచినా రైలులో బెర్తు దొరకాలి. రైల్వే శాఖ 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. ఆరు నెలల ముందు నౌకలో గది బుక్ చేసుకున్నవారు, ప్రయాణానికి సరిగ్గా 60 రోజులు ఉన్న నాటి ఉదయం రైలు టికెట్ల కోసం సిద్ధంగా ఉండాలన్నమాట. విదేశీ విహారమైతే వీసా కూడా చివరి నిమిషపు బేరానికి అడ్డు తగులుతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ముందస్తు బుకింగే ఆచరణీయమైన మార్గం.

ముందుగా బుక్ చేసినవారు గమనించవలసిన తేదీ ఒకటి ఉంది. మొదట కొంత సొమ్ము కట్టించుకుని, మిగిలినది ప్రయాణానికి రెండున్నర నుంచి నాలుగు నెలల ముందు చెల్లించమనడం పెద్ద విదేశీ సంస్థల పద్ధతి. ఆ తుది చెల్లింపు తేదీ లోపు అదే గది ధర తగ్గితే, తగ్గిన ధరకు మార్చమని అడిగే వెసులుబాటు చాలా సంస్థలలో ఉంటుంది. అడిగినవారికే ఇస్తారు. వెనక్కి రాని డిపాజిట్ కింద తక్కువ ధరకు బుక్ చేసినవారికి ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. తుది చెల్లింపు తరువాత రద్దు చేసుకుంటే, ప్రయాణ తేదీ దగ్గరపడే కొద్దీ కోత శాతం పెరుగుతూ చివరకు ఏమీ తిరిగి రాని స్థితికి చేరుతుంది. బుకింగ్ పత్రంలో ఆ కోతల పట్టిక ఎక్కడ ఉందో చూసుకోకుండా సొమ్ము కట్టరాదు.

బంధువులు, ఇరుగుపొరుగు కలిసి వెళ్లదలిస్తే మరొక దారి ఉంది. ఎనిమిది గదులు, అంటే పదహారు మంది దాటితే ‘గ్రూపు’ కింద పరిగణించి ఒక వ్యక్తి ఛార్జీని మినహాయించడం అంతర్జాతీయ సంస్థలలో వాడుక. ఆ మినహాయింపును ఏజెంటు తన వద్దే ఉంచుకోకుండా అందరికీ పంచేలా ముందే మాట్లాడుకోవాలి.

నౌకలోనే అమ్మే ‘తరువాతి విహారం’

విహారం ముగింపు దశకు వస్తుండగా పెద్ద నౌకలలో ఒక బల్ల వద్ద రద్దీ పెరుగుతుంది. తరువాతి విహారాన్ని అక్కడికక్కడే బుక్ చేసుకునే కేంద్రం అది. అక్కడ బుక్ చేసేవారికి డిపాజిట్ తగ్గించడం, తరువాతి నౌకలో ఖర్చు పెట్టుకునేందుకు కొంత సొమ్మును ‘ఆన్‌బోర్డ్ క్రెడిట్’ రూపంలో జమ చేయడం సాధారణం. కొన్ని సంస్థలు తేదీ ఎంచుకోకుండానే డిపాజిట్ కట్టి పత్రం తీసుకునే వీలు కల్పిస్తాయి.

ఇది మోసం కాదు. నిజమైన ప్రయోజనం ఉన్న పద్ధతే. కాకపోతే నాలుగు రోజుల సంతోషపు మత్తులో ఉన్న మనిషికి అమ్మడం అన్నిటికంటే సులువని విహార సంస్థలకు బాగా తెలుసు. అక్కడ సంతకం చేసే ముందు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. డిపాజిట్ పూర్తిగా వెనక్కి వస్తుందా? ఎంత కాలంలో వాడుకోవాలి? తరువాత వచ్చే సాధారణ రాయితీలు దీనితో కలిసి వర్తిస్తాయా? ఈ బుకింగ్‌ను స్వదేశంలోని ఏజెంటుకు బదిలీ చేయవచ్చా? మొదటి ప్రశ్నకు ‘రాదు’ అన్న సమాధానం వస్తే మిగిలినవి అడగనక్కరలేదు.

భారతీయులకు డాలర్లలో కట్టడం వల్ల మరొక ఖర్చు ఉంది. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ కరెన్సీ లావాదేవీపై రెండు నుంచి మూడున్నర శాతం వరకు రుసుము, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి. కార్డు యంత్రం ‘రూపాయలలో చెల్లిస్తారా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లనే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటును నిర్ణయించేది వ్యాపారి తరఫు సంస్థ. అది బ్యాంకు రేటు కంటే ఎక్కువగానే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. సొమ్ము కట్టించుకున్న సంస్థ ఆ తరువాతి విహారం నాటికి ఉంటుందా? ఇది ఊహాజనితమైన భయం కాదు. 2019 ఏప్రిల్‌లో ముంబయిలో ఆర్భాటంగా మొదలైన జలేష్ క్రూయిజెస్ ‘కర్ణిక’ నౌకతో దేశీయ విహారాలు నడిపింది. కోవిడ్ దెబ్బకు 2020 అక్టోబరులో మూతపడింది. ఆ నౌక గుజరాత్‌లోని అలంగ్ తీరానికి, ఓడలను విరగ్గొట్టే యార్డుకు చేరింది. 2022 జనవరిలో, డ్రీమ్ క్రూయిజెస్, స్టార్ క్రూయిజెస్, క్రిస్టల్ క్రూయిజెస్‌ల మాతృసంస్థ జెంటింగ్ హాంకాంగ్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సింగపూర్ విహారాల ద్వారా భారతీయులకు బాగా తెలిసిన ‘జెంటింగ్ డ్రీమ్’ నౌక అదే ఏడాది జూన్‌లో రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ అన్న కొత్త పేరుతో తిరిగి తిరగసాగింది. నౌక అదే, రేవు అదే, సంస్థ మాత్రం వేరు.

కోవిడ్ కాలంలో రద్దయిన విహారాలకు కొన్ని పెద్ద సంస్థలు రెండు మార్గాలు చూపాయి. కట్టిన సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు, లేదా 125 శాతం విలువైన ‘ఫ్యూచర్ క్రూయిజ్ క్రెడిట్’ తీసుకోవచ్చు. వందకు నూట ఇరవై అయిదు ఆకర్షణీయమే. అయితే క్రెడిట్ అంటే సంస్థకు వడ్డీ లేకుండా, హామీ లేకుండా ఇచ్చిన అప్పు. సంస్థ దివాలా తీస్తే తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు ముందు వరుసలో ఉంటాయి. ప్రయాణికుడు వెనుక వరుసలో నిలబడతాడు. పదుల సంఖ్యలో నౌకలున్న సంస్థకు అటువంటి అప్పు ఇవ్వడానికీ, ఒకటి రెండు నౌకలతో నడిచే సంస్థకు ఇవ్వడానికీ తేడా చూడవలసినదే. ముందస్తు సొమ్మును నగదుగానో, ఏజెంటు వ్యక్తిగత ఖాతాకు యూపీఐ ద్వారానో పంపడం కంటే క్రెడిట్ కార్డు ద్వారా చెల్లించడం క్షేమం. సేవ అందనప్పుడు ఆ లావాదేవీని సవాలు చేసి సొమ్ము వెనక్కి కోరే ‘చార్జ్‌బ్యాక్’ సదుపాయం కార్డుకు ఉంటుంది.

విదేశీ విహారమైతే పన్ను, వీసా

విదేశీ పర్యటన ప్యాకేజీ కొనేటప్పుడు విక్రేత ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మూలంలో కొంత పన్ను వసూలు చేస్తాడు. దీనిని టీసీఎస్ అంటారు. 2023 అక్టోబరు 1 నుంచి రూ.7 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. 2026 ఫిబ్రవరిలో సమర్పించిన కేంద్ర బడ్జెట్, మొత్తంతో నిమిత్తం లేకుండా ఈ రేటును 2 శాతానికి తగ్గించాలని ప్రతిపాదించింది. సొమ్ము కట్టే రోజున అమలులో ఉన్న రేటే వర్తిస్తుంది. చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లి వచ్చే విహారమూ విదేశీ పర్యటన కిందికే వస్తుంది.

టీసీఎస్ అదనపు ఖర్చు కాదు. పాన్ నంబరు సరిగా ఇస్తే అది పన్ను ఖాతాలో జమ అవుతుంది. రిటర్న్ దాఖలు చేసినప్పుడు చెల్లించవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. ఎవరి పాన్‌పై వసూలైందో వారే పొందగలరు. రిటర్న్ దాఖలు చేయని తల్లిదండ్రుల పేరిట బుక్ చేసి, ఆ తరువాత ఆ సంగతి మరచిపోవడమే చాలా ఇళ్లలో జరుగుతున్నది.

వీసా విషయంలో నౌకా ప్రయాణికులు ప్రత్యేకంగా చిక్కుల్లో పడేది ‘ఎన్నిసార్లు ప్రవేశం’ అన్న చోట. బార్సిలోనాలో నౌక ఎక్కి, టునీషియానో టర్కీనో తాకి, తిరిగి ఐరోపా రేవులో దిగేవారు షెంజెన్ ప్రాంతంలోకి రెండుసార్లు ప్రవేశించినట్లే. ఒక్కసారి ప్రవేశానికే పరిమితమైన వీసా అక్కడ చాలదు. సింగపూర్‌లో ఎక్కి మలేషియా రేవు చూసి మళ్లీ సింగపూర్‌లో దిగేవారికీ ఇదే వర్తిస్తుంది. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్, ముంబయి వంటి నగరాలకు స్వయంగా వెళ్లవలసి రావచ్చు. ఆ ప్రయాణ ఖర్చూ ‘చవక’ మధ్యధరా విహారం ధరలో కలపవలసినదే. దేశీయ విహారమైనా లక్షద్వీప్‌లో దిగేందుకు ప్రవేశ అనుమతి పత్రం అవసరం. దానిని సంస్థే సమకూరుస్తుందా, రుసుము ఎవరిదన్నది బుకింగ్ నాడే తేల్చుకోవాలి.

నౌక ఆగదు

రైలు ఆలస్యమైతే తరువాతి రైలు ఉంటుంది. నౌక తలుపులు బయలుదేరే సమయానికి చాలా ముందుగానే మూసివేస్తారు. వందే భారత్ మధ్యాహ్నానికి విశాఖ చేరుతుంది కదా, సాయంత్రం నౌక ఎక్కవచ్చని భావించి బస ఖర్చు మిగుల్చుకునేవారు మొత్తం విహారాన్నే పణంగా పెడుతున్నారు. రైలు, నౌక వేర్వేరు సంస్థలవి. ఒకటి ఆలస్యమైనందుకు రెండోది బాధ్యత వహించదు. ముందు రోజే చేరి ఒక రాత్రి బస చేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన బీమా. ముంబయి విమానాలకూ ఇదే సూత్రం.

అసలైన ప్రయాణ బీమా కూడా తీసుకోవాలి. నౌకలోని వైద్యసేవల ఛార్జీలు ఎక్కువ. దేశంలో తీసుకున్న ఆరోగ్య బీమా పాలసీలు చాలా వరకు విదేశీ జలాల్లో పొందిన చికిత్సకు వర్తించవు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. వాతావరణం అనుకూలించక ఒక రేవును వదిలేసినా, వేరే రేవుకు మళ్లించినా పరిహారం ఉండదని దాదాపు ప్రతి సంస్థ ఒప్పందంలోనూ రాసి ఉంటుంది. ఏదో ఒక్క ద్వీపాన్ని చూడడానికే వెళ్లేవారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

నౌకలో ఎక్కాక అయ్యే ఖర్చులు మరో లెక్క. ఛార్జీలో భోజనం ఉంటుంది. శీతల పానీయాలు, మద్యం, ప్రత్యేక భోజనశాలలు, ఇంటర్నెట్, రేవులో దిగాక చూపించే విహారయాత్రలు సాధారణంగా అదనం. రేవు విహారయాత్రలను సంస్థ నుంచి కాక స్థానికంగా ఏర్పాటు చేసుకుంటే సగం ధరకే తేలవచ్చు. అయితే సొంతంగా వెళ్లినవారు ఆలస్యమైతే నౌక వేచి ఉండదు. ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకుండా రెండు రోజులు ఉండగలగడం ఒక్కో కుటుంబానికి ఒక్కో విధంగా తోచవచ్చు.

ఫిర్యాదు రాయ్‌పూర్‌లోనే చేయవచ్చు

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’పై మార్గదర్శకాలు వెలువరించింది. వెబ్‌సైట్లు, యాప్‌లు కొనుగోలుదారును తప్పుదారి పట్టించే 13 పద్ధతులను అందులో పేర్కొన్నారు. ‘ఈ ధరకు రెండే గదులు మిగిలాయి’ అంటూ లేని తొందరను సృష్టించడం, మొదట తక్కువ ధర చూపి చెల్లింపు దశలో ఒక్కొక్కటిగా రుసుములు కలపడం, అడగకుండానే బీమానో విరాళాన్నో బిల్లులో చేర్చడం ఈ జాబితాలో ఉన్నాయి. నౌకా విహారాల బుకింగ్‌లో ఈ మూడూ ఎదురుకావచ్చు. మొదటి పేజీలో కనిపించిన ధరనూ, చివరి పేజీలో కోరిన మొత్తాన్నీ తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే ఫిర్యాదుకు అదే తొలి సాక్ష్యం.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనూ, హిందీలోనూ సమస్య చెప్పవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో ఒక పెద్ద మార్పు తెచ్చింది. సంస్థ కార్యాలయం ముంబయిలో ఉన్నా, నౌక చెన్నైలో ఎక్కినా, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటే కేసు వేయవచ్చు. అంటే రాయ్‌పూర్ కుటుంబం రాయ్‌పూర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు ఉన్న వ్యవహారాలు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. రూ.5 లక్షల వరకు దాఖలు రుసుము లేదు. ఇక్కడి నుంచి వెళ్లే కుటుంబాల విహార ఖర్చు చాలా వరకు ఆ పరిమితి లోపలే ఉంటుంది.

విహార సంస్థల ఛార్జీలు అందుబాటులో లేనివారికి, నౌకలో ప్రయాణించాలన్న కోరిక తీర్చుకునేందుకు విశాఖ నుంచి మరొక మార్గం ఉంది. అండమాన్‌లోని శ్రీవిజయపురానికి, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, ప్రభుత్వ ప్రయాణికుల నౌకలు నడుస్తాయి. సాధారణ బంకు నుంచి డీలక్స్ క్యాబిన్ వరకు తరగతులు ఉంటాయి. అది విహార నౌక కాదు, ద్వీపవాసుల రవాణా సాధనం. ఈతకొలను, వినోద ప్రదర్శనలు ఉండవు. నౌకలు తక్కువ సార్లే బయలుదేరతాయి కనుక తేదీలు ఖరారయ్యాకే రాయ్‌పూర్ నుంచి రైలు టికెట్ తీసుకోవాలి.